రాయీ కావాలి, కొండా కావాలి: ల్యాండ్‌స్కేప్ ఫొటోలో ఫోకస్ ఎక్కడ పెట్టాలి?

మా స్టూడియో ప్రొద్దుటూరులో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫొటోలు మా బతుకుతెరువు. గండికోట దగ్గర్లోనే ఉండటంతో ఇంకో రకం గిరాకీ కూడా తగులుతుంది. కొత్తగా కెమెరా కొన్న పిల్లలు ఆదివారం తెల్లవారుజామున గండికోట వెళ్తారు, సోమవారం మెమరీ కార్డు పట్టుకుని వస్తారు. ‘అన్నా, ఫోకస్ కుదరడం లేదు. ఏ లెన్స్ కొనమంటావు?’

ఏమీ కొనవద్దంటాను. కెమెరాతో పాటు వచ్చే 18–55 ఎంఎం కిట్ లెన్స్‌ను (ఎంఎం అంకె పెరిగేకొద్దీ జూమ్ ఎక్కువ) చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, ఎఫ్/8 దగ్గర (ఇది అపెర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) అది ఇచ్చే స్పష్టత కొత్తవాళ్ల అవసరానికి మించే ఉంటుంది. తప్పు దాని మీద మోపి ఇంకో ముప్పై వేలు ఖర్చు పెడితే, అదే మసక ఫొటో కాస్త ఎక్కువ ఖరీదుకు వస్తుంది.

నేను చేసేది ఒక్కటే. ఫొటోను కంప్యూటర్లో తెరిచి నూరు శాతానికి, అంటే ఫొటోలోని ఒక్కో పిక్సెల్ తెర మీద ఒక్కో చుక్కగా కనిపించేలా, పెంచి చూపిస్తాను. ఫోకస్ కుదరలేదని వచ్చిన ఫొటోల్లో చాలావాటికి ఫోకస్‌తో సంబంధమే ఉండదు. అసలు లోపం ఏమిటో తేల్చుకోకుండా మందు వేస్తే లాభం లేదు కదా.

ముందు ఫొటోను నూరు శాతంలో చూడండి

మొదట వెతకాల్సింది ఇది: ఫొటో మొత్తంలో ఎక్కడైనా, ఏ మూలనైనా, ఒక్క చోటైనా షార్ప్‌గా ఉందా? ఉంటే కెమెరా కదలలేదు, లెన్స్ బాగానే ఉంది. ఫోకస్ మీరు అనుకున్న చోట కాక ఇంకో చోట పడింది, అంతే. అవతలి కొండ మసకగా ఉండి, కాళ్ల దగ్గరి గడ్డిపోచ మీద మంచు బిందువులు లెక్కపెట్టేలా ఉంటే కెమెరా గడ్డిని పట్టుకుందన్నమాట.

ఎక్కడా షార్ప్‌గా లేదు, పైగా అంచులన్నీ ఒకే దిక్కుకు సాగినట్టున్నాయి. మాధవరాయ స్వామి గుడి గోపురం అంచు ఒక గీత కావాల్సింది రెండు గీతలుగా కనిపిస్తోంది. అది షేక్. చెయ్యి కదిలింది, లేదా ట్రైపాడ్ కదిలింది.

దగ్గరి రాళ్లు బాగున్నాయి, లోయ అవతలి అంచు మాత్రం నీళ్లలో చూసినట్టు వంకరలు పోయింది. అది వేడిగాలి పని. ఫొటో అంతా పాలు కలిపినట్టు తెల్లబారితే లెన్స్ మీద వేలిముద్రో, ఆవిరో ఉంది. ఫొటో అంతా సమంగా, కొద్దికొద్దిగా మెత్తబడి ఉంటే అపెర్చర్ అంకె చూడండి. ఎఫ్/22 అని ఉంటుంది.

షేక్ సంగతి

చేత్తో పట్టుకుని తీసేటప్పుడు పాత లెక్క ఒకటుంది. లెన్స్ ఎన్ని ఎంఎం అయితే షటర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) సెకనులో అన్నో వంతు గానీ, అంతకంటే వేగంగా గానీ ఉండాలి. చిన్న సెన్సార్ కెమెరాలకు (18–55 కిట్ లెన్స్‌తో వచ్చేవి చాలావరకు ఇవే) దాన్ని ఒకటిన్నరతో హెచ్చవేయాలి. 55 ఎంఎం దగ్గర తీస్తే సుమారు 80వ వంతు. ఈ లెక్క ఫిల్మ్ రోజుల్లో పుట్టింది. ఇప్పటి 24 మెగాపిక్సెళ్ల ఫొటోను నూరు శాతంలో చూసే మనకు అది చాలదు. దానికి రెట్టింపు వేగం, అంటే 160వ వంతు పెట్టుకోమంటాను. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ ఫొటో ప్రకాశంగా వచ్చేలా చేసే సెట్టింగు) 800కో 1600కో పెంచండి. ఐఎస్ఓ పెరిగితే గింజలు వస్తాయని భయపడి 100 దగ్గరే పట్టుకుని కూర్చుంటారు. గింజల్ని కంప్యూటర్లో తగ్గించుకోవచ్చు, షేక్‌ను సరిచేయడం దాదాపు అసాధ్యం.

సూర్యోదయానికి ముందు వెలుతురులో మాత్రం ట్రైపాడ్ తప్పదు. అది ఉన్నంత మాత్రాన సరిపోదు కూడా. మధ్యలో పైకి లేచే కడ్డీని లేపకండి. లేపితే మూడు కాళ్ల మీద నిలబడాల్సిన కెమెరా ఒంటికాలి మీద నిలబడినట్టే. పొడవు చాలకపోతే ముందు లావుపాటి కాళ్లు దించి, అన్నిటికంటే సన్నటివి చివర్లో దించండి. కాళ్లు గట్టి బండ మీద ఆనాలి, ఊగే రాయి మీద కాదు. గండికోట అంచున బండలు పలకలు పలకలుగా పేర్చినట్టుంటాయి, కొన్ని అడుగు పెట్టగానే టక్కుమంటాయి. వాటిని వదిలేయండి, మీ కాలికీ మంచిది కాదు. అక్కడ ఇంకో మాట: కెమెరా తెర చూస్తూ వెనక్కి అడుగు వేయకండి. కింద పెన్న ఉంది.

కెమెరా పట్టీ విషయం చాలామందికి తట్టదు. లోయ అంచున గాలి విసురుగా ఉంటుంది. వేలాడే పట్టీ ఆ గాలికి టపటపా కొట్టుకుంటూ కెమెరాను కదిలిస్తుంది. ఊడదీయండి, లేదా ట్రైపాడ్ తలకు చుట్టేయండి. బరువు కోసం ట్రైపాడ్‌కు సంచి తగిలిస్తే అది నేలకు ఆనుతూ ఉండాలి, ఊగితే ఉన్నది చెడుతుంది. షటర్ మీట వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టండి. లెన్స్ మీద స్టెబిలైజేషన్ (చేతి షేక్‌ను తగ్గించే) మీట ఉంటే ట్రైపాడ్ మీద దాన్ని ఆపేయండి. కొత్త లెన్స్‌లు కొన్ని ట్రైపాడ్‌ను వాటంతట అవే గుర్తుపడతాయి, అయినా ఆపితే పోయేదేమీ లేదు.

అపెర్చర్: అంకె పెద్దదైతే మంచిదేనా?

అంకె పెంచేకొద్దీ దగ్గరిదీ దూరానిదీ రెండూ స్పష్టంగా వస్తాయని ఎవరో చెప్పి ఉంటారు. నిజమే, కొంతవరకు. అక్కడితో ఆగకుండా ఎఫ్/22 దాకా తోస్తారు. వెలుతురు సన్నటి రంధ్రం గుండా వెళ్లేటప్పుడు పక్కలకు పరుచుకుంటుంది. ఎఫ్/8 దగ్గర ఒక చుక్క వెలుతురు సెన్సార్ మీద సుమారు 0.01 మిల్లీమీటర్ల మచ్చగా పడుతుంది. ఎఫ్/22 దగ్గర అదే మచ్చ 0.03 మిల్లీమీటర్లు. మన 24 మెగాపిక్సెళ్ల చిన్న సెన్సార్లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.004 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ మచ్చ ఎన్ని పిక్సెళ్ల మీద పాకుతుందో మీరే లెక్క వేసుకోండి.

‘మరి ఆన్సెల్ ఆడమ్స్ వాళ్లు ఎఫ్/64 వాడారు కదా’ అని ఒక ఇంజినీరింగ్ కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. అమెరికా ఫొటోగ్రాఫర్లు ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, మరికొందరు 1932లో కాలిఫోర్నియాలో కలిసి తమ బృందానికే ఎఫ్/64 అని పేరు పెట్టుకున్నారు. అయితే వాళ్ల చేతుల్లో ఉన్నవి పెద్ద నెగెటివ్ కెమెరాలు. వెస్టన్ 8×10 అంగుళాల నెగెటివ్‌ను కాగితానికి ఆనించి, అదే సైజులో ప్రింటు తీసేవాడు. ఏమాత్రం పెంచకపోతే మచ్చ కంటికి ఆనదు. మన చిన్న సెన్సార్ నుంచి 12 అంగుళాల ప్రింటు వేయాలంటే బొమ్మను దాదాపు 13 రెట్లు పెంచాలి, మచ్చ కూడా దాంతో పాటే పెరుగుతుంది.

కాబట్టి ఎఫ్/8తో మొదలుపెట్టండి. ముందు రాయి బాగా దగ్గరగా ఉంటే ఎఫ్/11. ఆ పైకి వెళ్లాలంటే గట్టి కారణం ఉండాలి.

అసలు ప్రశ్న: ఎక్కడ ఫోకస్ చేయాలి?

పెళ్లి ఫొటోల్లో ఈ బాధ లేదు. పెళ్లికూతురి కన్ను మీద ఫోకస్ పెడితే చాలు. లోయకు కన్ను ఎక్కడుంది? ముందు ఎర్రబండ, మధ్యలో నీళ్లు, అవతల కొండ అంచు, అన్నీ కావాలి.

‘సీన్లో మూడో వంతు దూరంలో ఫోకస్ చేయండి’ అనే సూత్రం ఎక్కడపడితే అక్కడ వినిపిస్తుంది. నాకు అది బొత్తిగా నచ్చదు. కనుచూపు మేర పరుచుకున్న దృశ్యానికి మూడో వంతు ఎక్కడ? తెర మీద కింది నుంచి మూడో వంతా, నేల మీద మూడో వంతా? చెప్పేవాళ్లకే స్పష్టత ఉండదు.

లెక్కతో వచ్చే దూరం ఒకటుంది, దాన్ని హైపర్‌ఫోకల్ దూరం అంటారు. ఆ దూరంలో ఫోకస్ చేస్తే అందులో సగం దగ్గర మొదలై కనుచూపు మేర దాకా అన్నీ ఫర్వాలేదనిపించేలా వస్తాయి. చిన్న సెన్సార్ కెమెరాలో ఎఫ్/8 దగ్గర 18 ఎంఎంకు అది 2 మీటర్లు, 35 ఎంఎంకు సుమారు 7.7 మీటర్లు, 55 ఎంఎంకు దాదాపు 19 మీటర్లు. జూమ్ చేసేకొద్దీ ఎంత వేగంగా పెరుగుతోందో గమనించండి. 18 ఎంఎంలో కాళ్ల ముందు మీటరు దూరంలోని రాయి కూడా వస్తుంది. 55లో అయితే తొమ్మిదిన్నర మీటర్ల లోపలున్నది ఏదైనా మసకే. ముందు రాయి కావాలనుకున్నప్పుడు జూమ్ చేయకండి, కాళ్లతో దగ్గరికి వెళ్లండి.

కిట్ లెన్స్ మీద దూరం అంకెలు ఉండవు. రెండు మీటర్లు ఎలా తెలియాలంటే, రెండు చేతులూ బార్లా చాపితే ఒక బార, అంటే నాలుగు మూరలు, దాదాపు ఆరడుగులు. దానికి ఒక జాన కలపండి. అంత దూరంలో ఉన్న రాయి అంచునో, మొక్కనో చూసుకుని దాని మీద ఫోకస్ చేయండి. ఏమీ లేకపోతే మీ సంచిని అక్కడ పెట్టి, ఫోకస్ చేశాక తీసేయండి.

లెక్క ఇంతటితో అయిపోలేదు. ఆ ‘ఫర్వాలేదు’ అనే మాట ఎవరి కంటితో? ఈ లెక్క చిన్న ప్రింటును చేతిలో పట్టుకుని చూసేవాళ్లకు సరిపోయేలా కట్టినది. చిన్న సెన్సార్‌కు 0.02 మిల్లీమీటర్ల మసకను కన్ను క్షమిస్తుందని అందులో ఒప్పేసుకున్నారు. అంటే 18 ఎంఎం, ఎఫ్/8, రెండు మీటర్ల ఫోకస్‌లో అవతలి కొండ సరిగ్గా ఆ హద్దు మీద ఉంటుంది. కంప్యూటర్లో నూరు శాతానికి పెంచితే ఐదు పిక్సెళ్ల మసక. ‘లెక్క ప్రకారమే చేశాను, కొండ మెత్తగా వచ్చింది’ అని వచ్చేవాళ్లు వీళ్లే. లెక్క తప్పు కాదు, దాని హద్దు వదులు.

విరుగుడు తేలిక. రెండు మీటర్ల బదులు నాలుగు మీటర్ల దగ్గర ఫోకస్ చేయండి. కొండ మీది మసక సగానికి సగం తగ్గుతుంది. దానికి బదులుగా దగ్గర ఎంత పోతుంది? ఇంతకుముందు ఒక మీటరు నుంచి మొదలైన స్పష్టత ఇప్పుడు 1.33 మీటర్ల నుంచి మొదలవుతుంది. పోయింది ఒక్క అడుగు నేల. ఇంత చవక బేరం ఫొటోగ్రఫీలో ఇంకెక్కడా దొరకదు. కాబట్టి నా పద్ధతి ఇది: లెక్కలో వచ్చిన దూరానికి రెట్టింపు దగ్గర ఫోకస్ చేయడం, 18 ఎంఎంలో అయితే ఫ్రేములోకి వచ్చే అతి దగ్గరి రాయి ఒకటిన్నర మీటరు అవతల ఉండేలా నిలబడటం.

మరీ దగ్గరి పువ్వూ కావాలి, కొండా కావాలి అంటే ఒక ఫొటోలో రాదు. ట్రైపాడ్ కదపకుండా పువ్వు మీద ఒకటి, మధ్యలో ఒకటి, కొండ మీద ఒకటి తీసి, ఫొటోషాప్‌లో లేయర్లుగా పెట్టి కలపవచ్చు. గాలికి పువ్వు ఊగుతుంటే ఆ ఆశ వదులుకోండి. మొదటి ఆరు నెలలు దీని జోలికి పోకపోయినా ఫర్వాలేదు.

ఫోకస్‌ను పెట్టి, కదలకుండా ఆపడం

ఎక్కడ పెట్టాలో తెలిశాక, కెమెరా తనంతట తాను ఇంకో చోటికి జారిపోకుండా చూడాలి. ఆటోలో వదిలేస్తే కెమెరా సాధారణంగా అన్నిటికంటే దగ్గరున్న దాన్నో, రంగు ఎక్కువ తేడాగా ఉన్న దాన్నో పట్టుకుంటుంది. ఫోకస్ పాయింట్ ఒక్కటే ఉండేలా మార్చండి. ఒకసారి ఫోకస్ కుదిరాక అక్కడే ఆగే పద్ధతి ఎంచుకోండి; దాన్ని కెనన్‌లో వన్ షాట్, నికాన్‌లో ఏఎఫ్-ఎస్ అంటారు.

తర్వాత క్రమం తప్పకూడదు. ముందు జూమ్ ఎంతో తేల్చుకుని ఫ్రేము కట్టండి. ఫోకస్ చేశాక జూమ్ తిప్పితే కిట్ లెన్స్‌లలో ఫోకస్ జారుతుంది, అందుకే జూమ్ ముందు. లైవ్ వ్యూ (వెనక తెర మీదే బొమ్మ చూసే పద్ధతి) పెట్టి, ఎంచుకున్న రాయి మీదికి ఫోకస్ చదరాన్ని తీసుకెళ్లి షటర్ సగం నొక్కండి. ఆ తర్వాత లెన్స్ మీద ఏఎఫ్ (ఆటో ఫోకస్) నుంచి ఎంఎఫ్‌కు (చేత్తో ఫోకస్) మీట మార్చండి. ఇప్పుడు భూతద్దం గుర్తున్న మీట నొక్కితే తెర మీద బొమ్మ పది రెట్లు పెద్దదవుతుంది. రాయి మీది చిన్న పగులునో, నాచు మచ్చ అంచునో చూస్తూ ఫోకస్ రింగును వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పండి. అంచు గట్టిపడి, దాటి, మళ్లీ మెత్తబడుతుంది. ఒకసారి దాటించి వెనక్కి వస్తేనే సరైన చోటు తెలుస్తుంది. మొదటిసారి బాగుందనిపించిన దగ్గరే ఆపేస్తే ఇంకా మెరుగైన చోటు అవతలే ఉండిపోవచ్చు.

ఇదేమీ కొత్త విద్య కాదు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్ దయాళ్ కాలంలో కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని, గరుకు గాజు పలక మీద తలకిందులుగా పడే బొమ్మను చూస్తూ ఫోకస్ చేసేవారు. అప్పట్లో ఫిల్ము బదులు వాడిన గాజు ప్లేటు ఖరీదైనది కాబట్టి ఆ ఓపిక తప్పనిసరి. ఎండలో తెర కనిపించకపోతే మీరు కూడా తువ్వాలు కప్పుకోండి. నవ్వేవాళ్లు నవ్వుతారు, మీకు రాయి కనిపిస్తుంది.

దూరపు కొండ ఒక్కటే కావాలనుకుని రింగును చివరికంటా తిప్పి వదిలేయడం ఇంకో అలవాటు. చాలా ఆటోఫోకస్ లెన్స్‌లు అనంతాన్ని దాటి కూడా కాస్త తిరుగుతాయి. చివరికంటా తిప్పితే కొండ కూడా మసకే. పది రెట్లు పెంచి చూడటం తప్ప దగ్గరి దారి లేదు.

చోటును బట్టి వచ్చే తిప్పలు

మా కడప జిల్లా ఎండలకు బండలు కాగితే వాటి మీది గాలి మరుగుతుంది. మధ్యాహ్నం పెద్ద జూమ్ లెన్స్‌తో లోయ అవతలి అంచును తీస్తే ఏ సెట్టింగూ కాపాడదు. తెల్లవారుజామున రండి, అంతే.

పాడేరు దగ్గర వంజంగిలో, లంబసింగిలో సమస్య వేరు. మబ్బుకు, మంచుకు అంచు ఉండదు. ఆటోఫోకస్ పట్టుకోవడానికి గీత దొరక్క లెన్స్ ముందుకూ వెనక్కూ గుర్రుమంటూ తిరుగుతూనే ఉంటుంది. మబ్బు మీద కాకుండా, ఆకాశానికి అడ్డంగా నల్లగా కనిపించే కొండ శిఖరం మీదో, చెట్ల వరస మీదో పెట్టండి, వెంటనే ఎంఎఫ్‌కు మార్చేయండి.

కోనసీమలో రెండు చూసుకోవాలి. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తీయగానే లెన్స్ మీద ఆవిరి కమ్ముతుంది, తుడిస్తే మళ్లీ కమ్ముతుంది. కెమెరాను సంచిలోనే, జిప్పు తీయకుండా, బయటి వేడికి అలవాటు పడేదాకా ఉంచండి. రెండోది కొబ్బరి మట్టలు. ట్రైపాడ్ ఎంత గట్టిగా ఉన్నా మట్టలు ఊగుతూనే ఉంటాయి. షటర్ 250వ వంతో అంతకంటే వేగంగానో ఉండాలి, అందుకు ఐఎస్ఓ పెంచక తప్పదు.

ఫోనుతో తీసేవాళ్లకు

ఫోన్ సెన్సార్ బాగా చిన్నది కాబట్టి దగ్గరా దూరం రెండూ సులువుగా స్పష్టంగా వస్తాయి. పైన చెప్పిన దూరాల లెక్కలు మీకు అక్కర్లేదు. మీ శత్రువు జేబు. లెన్స్ మీద చెమట, జిడ్డు. ప్రతిసారీ మెత్తని నూలుబట్టతో తుడవండి. రెండు వేళ్లతో జూమ్ చేయకుండా ప్రధాన కెమెరాతోనే తీయండి. తెర మీద కావలసిన చోట వేలు పెట్టి కాసేపు అలాగే నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్ అక్కడే ఆగిపోతుంది. చీకటిలో ఫోన్ రెండు మూడు సెకన్లు కదలకుండా పట్టుకోమంటుంది కదా, ఆ పూట బండకో గోడకో ఆనించి టైమర్ పెట్టండి. ఫోన్ తనంతట తాను అంచులు గట్టిచేస్తుంది, ఆకులు కత్తిరించి అతికించినట్టు కనిపించేదాకా. ఆపే వీలుంటే దాన్ని ఆపేయండి.

ఇంటికొచ్చాక

కెమెరాలో రా ఫైలుగా (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫైలు) తీస్తే కంప్యూటర్లో కాస్త షార్పెనింగ్ (అంచులు గట్టిచేయడం) వేయక తప్పదు, అది మోసం కాదు. ఎక్కువైందో లేదో తెలియాలంటే ఆకాశాన్ని తాకే కొండ అంచు చూడండి. అక్కడ తెల్లటి గీత మొలిస్తే ఎక్కువ వేశారు, వెనక్కి తగ్గండి. సైజు తగ్గించి సేవ్ చేస్తే చివర్లో కొద్దిగా మళ్లీ వేయవచ్చు.

ఇంత చేసి ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది సైజు కుదించి పంపుతుంది, అవతలివాళ్లు ‘ఫోకస్ పోయిందేమో’ అంటారు. ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.